నాపరాయి పరిచిన బండి

నా బండిని అమ్మకానికి పెట్టాక నాకు ఎదురైన మొదటి ప్రశ్న, "ఎన్ని కేజీలుంటది తాతా?" అని. అడిగినవాడు పాత ఇనుము కొనేవాడు. తక్కెడలో పెట్టి చూస్తున్నట్టు బండి చుట్టూ తిరిగాడు. టైరును కాలితో తన్నాడు. మనిషిని చూడటానికి ఇంటికి వచ్చి, ఆ మనిషి వినేటట్టుగానే, ఈయన బరువెంత అని అడిగితే ఎట్లా ఉంటుందో నాకు అట్లా ఉంది.

"తూకానికి అమ్మేది కాదురా. నడిపేవాడికి అమ్మేది" అన్నాను.

"నడిపేదేంది తాతా, దీంట్లో పాములు కాపరం చేస్తన్నయ్" అని నవ్వాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "ఇయ్యాల కాకపోతే రేపు. మేం యాడికీ పోం" అన్నాడు.

ఆ చివరి మాట ముల్లులా దిగబడింది. వాడు చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నాకు ఎనభై దాటాయి. నా భార్య పోయి చానాళ్ళయింది. పిల్లలు పుట్టలేదు. నేను కన్నుమూశాక నా తమ్ముడి మనవలు ఈ దొడ్డి గేటు తీస్తారు, వీడు గ్యాస్ కట్టరుతో లోపలికి వస్తాడు. మధ్యాహ్నానికల్లా క్యాబిన్ ఒక కుప్ప, ఛాసిస్ ఒక కుప్ప. అందుకే నేను బతికుండగానే ఆ బండిని మళ్ళీ రోడ్డెక్కించేవాడి చేతిలో పెట్టాలనుకున్నాను. ఈ వయసులో నాకు మిగిలిన కోరిక అదొక్కటే. ఊళ్ళోవాళ్ళు నాకు డబ్బాశ అన్నారు. అననీ.

అది మామూలు బండి కాదు. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టే రోజుల్లో ఇంజనీర్ల కోసం సముద్రం దాటి వచ్చిన పికప్పుల్లో ఒకటి. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక పైకప్పు లేని తొట్టి, పహిల్వాను భుజాల్లాంటి మడ్‌గార్డులు, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఎడమ పక్క స్టీరింగు. పని అయిపోయాక వాటిని వేలం వేశారు. కొన్నవాళ్ళు కొందరు ఇంజన్లు పీకి డీజిలువి బిగించారు. కొందరు తొట్టి కోసి ట్రాక్టరు వెనక తగిలించుకున్నారు. నేను మాత్రం ఇంజనుకు గానీ స్టీరింగుకు గానీ చెయ్యి పెట్టనివ్వలేదు. గురజాల నుంచి మాచర్ల దాకా, ఆ మాటకొస్తే నరసరావుపేట దాకా, ఇట్లాంటిది ఇంకొకటి ఉంటే తెచ్చి చూపించమనండి.

నేను మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు ఆ బండి డాష్‌బోర్డు మీద నేర్చుకున్నాను. ఆయిలు, ఫ్యూయెలు, టెంపరేచరు అన్నవి నా మొదటి పాఠాలు. తెలుగు పుస్తకాలన్నీ ఆ క్యాబిన్‌లోనే చదివాను. గుంటూరు మిర్చి యార్డు ముందు వరస కదిలేలోపు లావుపాటి పుస్తకం ఒకటి పూర్తయ్యేది. అప్పటినుంచి చదువుకున్నవాళ్ళతో వాదించే రోగం ఒకటి పట్టుకుంది. ఇంకా వదల్లేదు.

ఆ రోజుల్లో ఆ బండి మోయని సరుకు లేదు. మిరపకాయ బస్తాలు, దూది బోరేలు, పెళ్ళిళ్ళకు వంట గిన్నెలు. దుర్గి శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలను వరిగడ్డిలో చుట్టి, పసిబిడ్డను తీసుకెళ్ళినట్టు మెల్లగా నడుపుకుంటూ ఎక్కడెక్కడి గుళ్ళకో చేర్చాను. పెళ్ళికొడుకులు క్యాబిన్‌లో నా పక్కన కూర్చుని ఊరేగారు. బండికి పూలదండ లేని మాఘమాసం ఉండేది కాదు.

ఒక ఎండాకాలం మా వీధిలో ఒకాయన పొలంలో మందు కొడుతూ పడిపోయాడు. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అక్కడ ప్రాణం పోయింది. శవం అనగానే టాక్సీవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఆయన తమ్ముడు యార్డులో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేను అప్పుడే సరుకు దించి తొట్టి ఊడుస్తున్నాను.

"అన్నా, నువ్వు కూడా కాదంటే మా అన్నని నేను భుజానేసుకొని పోవాల్సిందే" అన్నాడు.

నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని అనిపించలేదు. మిరపకాయ ఘాటు ఇంకా పోని తొట్టిలో ఆయన్ని పడుకోబెట్టి ఇంటికి చేర్చాను. పెట్రోలు పోయించారు, అంతకు మించి నేను అడగలేదు. తర్వాత ఇంకొకరు వచ్చారు. తర్వాత పక్క ఊరివాళ్ళు. ఎవరింట్లో ఆసుపత్రి చావు జరిగినా నా గేటు చప్పుడయ్యేది. ముప్పాళ్ళ అవతలి నుంచి కూడా వచ్చిన రోజులున్నాయి.

ఆ తర్వాత పెళ్ళిళ్ళవాళ్ళు రావడం మానేశారు. దానికి నేను పెద్దగా బాధపడలేదు. కానీ ఏటా నాకే మిరపకాయ లోడు ఇచ్చే రైతు ఒకడు, కళ్ళంలో బస్తాలు కుట్టి పెట్టుకొని కూడా నా ముఖం వంక చూడకుండా, "మామా, ఈ యేడు ట్రాక్టరుకి చెప్పాం" అన్నాడు.

"మిరపకాయకి కూడా మైల అంటుద్దిరా?" అన్నాను.

"నాదేం లేదు మామా. ఆడోళ్ళు ఒప్పుకోటల్లా."

మా దగ్గర మగవాడికి ఏదైనా ఇష్టం లేకపోతే ఒప్పుకోనిది ఆడవాళ్ళే. తర్వాత వాళ్ళ నాన్నకి జబ్బు ముదిరి ఆసుపత్రిలో పోతే, తీసుకురావడానికి ఏ బండి కోసం వచ్చాడో చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆడవాళ్ళు ఒప్పుకున్నారు కాబోలు.

నా భార్య మాత్రం ఎవరి పేరూ చెప్పకుండా తన మాట తానే చెప్పింది. "నువ్వు చేసేది మంచి పనే. నేను మాత్రం ఆ బండెక్కను" అంది. అన్న మాట ప్రకారం ఎక్కలేదు. నరసరావుపేటలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలన్నా ఆమె బస్సులో, నేను బండిలో. బస్సు వెనకాలే నడుపుకుంటూ వెళ్ళేవాణ్ణి. వెనక సీటులో కూర్చుని ఆమె అద్దంలోంచి నన్ను చూసేది, నేను లైటు కొట్టేవాణ్ణి. నవ్వేది. బస్టాండు బయట కలుసుకుని, ఇద్దరం ఒకే ఊరినుంచి వేరువేరుగా వచ్చిన చుట్టాల్లాగా కలిసి నడిచేవాళ్ళం. చివరికి ఆమె ఇంట్లోనే నిద్రలో పోయింది. నా పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది.

ఇక నాపరాయి సంగతి. వేలంలో కొన్నప్పుడు తొట్టి అడుగున చెక్కలుండేవి. అవి చివికిపోతే ఇనుప రేకు వేయించాను. ఎండాకాలం ఆ రేకు పెనంలా కాలేది. ఒకసారి ఒక తల్లిని తీసుకొస్తుంటే పక్కన కూర్చున్న కూతురు క్యాబిన్ కిటికీలోంచి అడిగింది, "బాబాయ్, అమ్మ వీపు కాలుతుందేమో, గోతం ఏమన్నా ఉందా?" అని. చచ్చినవాళ్ళ వీపు కాలుతుందా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రాలేదు. బండి ఆపి, నా పైపంచె తడిపి కింద పరిచాను. ఆ వారమే రాళ్ళ మిల్లుకి వెళ్ళి, తొట్టి కొలతకు సరిపడా ఒక పెద్ద నాపబండ కోయించి తెచ్చాను.

మా పల్నాడులో నాపరాయి లేని బతుకు లేదు. ఇంటి నేల అదే, కప్పు అదే. పొలానికి కంచె అదే, గొడ్ల తొట్టి అదే, వాకిట్లో అరుగు అదే. కాబట్టి బండికి కూడా అదే వేయాలని తోచింది. కింద గోతాలు పరిచి, కదలకుండా చుట్టూ సున్నం దట్టించి, ఇంట్లో బండలు పరిచినట్టే పరిచాను. బయలుదేరేముందు రెండు బిందెల నీళ్ళు పోస్తే చాలు, ఊరు చేరేదాకా చల్లగా ఉండేది. చుట్టూ కూర్చున్నవాళ్ళు బండ మీద చెయ్యి పెట్టి చూసుకునేవారు. ఒక ముసలాయన తన కొడుకు పక్కన కూర్చుని, "ఇంట్లో పడుకున్నట్టే ఉన్నాడు" అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునే రకం సంతోషం కాదు అది.

తర్వాత ఆసుపత్రుల్లోనే ఉచిత బండ్లు పెట్టారు. మంచిదే. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ నా బండి ఆగిపోయింది. పెళ్ళి కోసం నా గేటు తట్టడం ఎప్పుడో మానేశారు, ఇప్పుడు చావు కోసం కూడా తట్టరు. పొద్దున పాలవాడు వచ్చిపోయాక మళ్ళీ మనిషి గొంతు వినాలంటే నేనే ఏదో ఒకటి గట్టిగా చదువుకోవాలి.

అమ్మకం ప్రకటన పక్కింటి కోడలు పెట్టింది. ఫోన్లో బొమ్మలు తీస్తూ, "మీరు పక్కకి జరగండి మామయ్యా, బండి పడాల" అంది.

"నేను కూడా పడితే ఏం?"

"మిమ్మల్ని కూడా అమ్ముతున్నారనుకుంటారు."

"నాకు బేరమేమన్నా వస్తే చెప్పు."

ఆమె నవ్వి, నేను లేకుండానే బొమ్మలు పెట్టింది. ఆ రోజు నుంచి ఫోను మోగడం మొదలైంది. మైలేజీ ఎంత అని ఒకడు, ఏసీ ఉందా అని ఒకడు. కొనేవాళ్ళు కాదని గొంతులోనే తెలిసిపోయేది. అయినా ఫోను పెట్టెయ్యనిచ్చేవాణ్ణి కాదు. కృష్ణ అవతల మిర్యాలగూడ వైపు నుంచి ఒకాయన మాత్రం, "తాతా, బండి ఉన్నదా, పోయిందా?" అంటూ తరచూ చేసేవాడు. ఉందని చెప్తే, "ఉండనీ తియ్" అనేవాడు. తనకి కొనే స్తోమత లేదని మొదటి రోజే చెప్పాడు. మేమిద్దరం కార్బొరేటర్ గురించి, పొలాల గురించి, కృష్ణలో నీళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. బండి అమ్ముడైతే ఆ ఫోను కూడా ఆగిపోతుందని నాకు తెలుసు.

మొదట నిజంగా కొంటానని బయలుదేరినవాడు ఒంగోలు వైపు హైవే మీద హోటలు పెట్టినాయన. బండిని బాగుచేయించి, దాంట్లోనే ఊరూరా తిరిగి తన హోటలు గురించి చెప్పుకుంటానన్నాడు. నడుపుతాడు కదా, అది చాలు నాకు. వస్తున్నానని పిడుగురాళ్ళ దాటాక ఫోను చేశాడు. నేను మజ్జిగ చేసి, మూతపెట్టి, అరుగు మీద కూర్చున్నాను. ఎంతసేపటికీ రాలేదు. ఫోను ఎత్తలేదు. మజ్జిగ పులిసిపోయింది. సాయంత్రం పక్కింటి కోడలు చెప్పింది, ఎర్ర కారొకటి టీ కొట్టు దగ్గర ఆగి, దారి అడిగి, అక్కడినుంచే వెనక్కి తిరిగి పోయిందని.

నేను కర్ర తీసుకుని టీ కొట్టుకి వెళ్ళాను.

"ఏమని చెప్పావురా ఆయనకి?"

కొట్టువాడు గిన్నె మీదనుంచి తల ఎత్తలేదు. "నేనేమన్నాను బాబాయ్? పాత బండి ఉన్న ఇల్లేది అన్నాడు. పీనుగుల బండా, నాలుగో ఇల్లు అన్నా. ఊళ్ళో ఎవుణ్ణి అడిగినా అదే చెప్తాడు."

"మీ నాయన్ని ఎవరు తెచ్చార్రా గుంటూరు నుంచి?"

"నువ్వే తెచ్చావు. అందుకేగా నాకు గుర్తున్నది."

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. ఒక గ్లాసు టీ పోసి నా ముందు పెట్టాడు. "తాగు బాబాయ్. కోపంలో నడిచొచ్చావు, ఆయాసపడతన్నావు." నేను తాగకుండా వచ్చేశాను. నిజానికి నాకు టీ తాగాలని ఉంది. కానీ అప్పుడు తాగితే నా కోపానికి విలువేముంటుంది? వీళ్ళలో ఒక్కొక్కరి ఇంటికీ నేను ఎవరినో ఒకరిని తెచ్చి దించాను. వాళ్ళు ఆ బండికి పెట్టిన పేరు అది.

ఆ తర్వాత వచ్చినాయన చిలకలూరిపేటలో దూది మిల్లు ఉన్న మనిషి. యాభై ఏళ్ళుంటాయి. పాత బండ్లు కొని, అవి పుట్టినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లా చేయించి, నడుపుకోవడం ఆయనకి పిచ్చి. వెంట బండ్లు బాగుచేసే తెల్లగడ్డం మేస్త్రీని తెచ్చుకున్నాడు. బండి చూడగానే చెప్పులు విడిచి దగ్గరకు వెళ్ళాడు. కావాలని విడిచాడో, బురదకు విడిచాడో తెలియదు గానీ నాకు మాత్రం బాగా నచ్చాడు. అందుకే ఈసారి ఆ సంగతి ఎవరి నోటినుంచో కాక ఆయన నా నోటినుంచే వినాలనుకున్నాను.

"ముందు ఒక మాట వినండి. పోయేపనైతే విన్నాకే పోండి" అన్నాను. "ఈ బండి చానా ఏళ్ళు శవాలు మోసింది. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటివీ. ఆ బండ వాళ్ళ కోసం పరిచిందే."

తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని బండను తట్టి చూస్తున్న మేస్త్రీ ఒక్క దూకులో నేల మీద ఉన్నాడు.

మిల్లు యజమాని ఆయన వంక చూసి, "ఏం మేస్త్రీ, దూకావేంది?" అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులు సార్."

"నొప్పులున్నోడు దూకుతాడా?"

ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా దొడ్లో ముగ్గురు మనుషులు కలిసి నవ్వడం విని ఎన్నాళ్ళయిందో. యజమాని కాసేపు బండి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "చెప్పినందుకు సంతోషం పెద్దాయనా. నాకు పట్టింపు లేదు. కానీ ఆ బండ మాత్రం ఇక్కడే తీసెయ్యాలి. ఎట్లాగూ దాని పుట్టుకలో ఉన్నది చెక్కలేగా" అన్నాడు.

తీయడానికి ఊళ్ళో మనుషుల్ని అడిగాను. ఒకడికి నడుం పట్టింది, ఒకడికి పొలంలో నీళ్ళు పెట్టాలి. చివరికి యజమాని చొక్కా చేతులు మడిచాడు. మేస్త్రీ గడ్డపార తెచ్చాడు. నేను ఒక చివర పట్టుకున్నాను. సున్నం పెళ్ళలు రాలాయి. బండ ఒక జానెడు లేచి, మధ్యకు విరిగింది. రెండు ముక్కల్నీ గోడకు ఆనించాక తొట్టి లోపలికి చూసిన మేస్త్రీ ఈల వేసినట్టు గాలి వదిలాడు.

"ఎవురు చేశారు పెద్దాయనా ఈ గచ్చు?"

"నేనే."

"ఇల్లనుకున్నావా? ఇంటికైతే తూము పెడతాం. పోసిన నీళ్ళు యాడికి పోతయ్ అనుకున్నావు?"

ఆయన వేలితో నొక్కితే ఇనుము అప్పడంలా విరిగింది. రేకు లేదు, రేకు కింద అడ్డపట్టీలు లేవు. గోతాలు మన్నయిపోయి తడి పట్టుకుని కూర్చున్నాయి. నాకు ముందు కోపమే వచ్చింది. ఆ బండ ఎందుకు వేశానో నీకేం తెలుసురా అని ఆయన మీద అరవబోయాను. తొట్టిలోకి చూసి ఆగిపోయాను. ఇన్నేళ్ళూ ఎవరెవరి వీపుకిందో చల్లగా ఉండాలని బిందెలకొద్దీ పోసిన నీళ్ళు, ఒక్క చుక్క పోకుండా ఆ బండిని కిందనుంచి తింటూ వచ్చాయి. ఇనుమును ఇనుముగా చూసుకోవాలని ఇంజను విషయంలో తెలిసినవాణ్ణి, తొట్టి విషయంలో ఇంటి నేలలాగా చూసుకున్నాను.

మేస్త్రీ యజమానిని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడాడు. నాకు వినపడేంత గట్టిగానే మాట్లాడాడు. "వెనకది చేసుకోవచ్చు సార్, ఎట్టో తంటాలు పడదాం. ఇంజను పట్టేసి ఉంటే మాత్రం ఒద్దు. దీని సామాను మనకి దొరకదు. అప్పుడిది తుక్కే."

యజమాని నా దగ్గరకు వచ్చాడు. "ఇంజను తిరిగితే తీసుకెళ్తాను పెద్దాయనా. తిరక్కపోతే ఏమనుకోవద్దు."

అనుకోవడానికేముంది. ఆయన పోతే ఆ పాత ఇనుము వాడే మిగిలేది. బండి ఆగిన దగ్గరనుంచి ప్రతి శనివారం ప్లగ్గులు ఊడదీసి, సిలిండర్లలో నూనె చుక్కలు వేసి, ముందునుంచి హ్యాండిలు పెట్టి ఇంజనును చేత్తో తిప్పేవాణ్ణి. ఇంట్లో దీపం పెట్టడం మర్చిపోయిన శనివారాలున్నాయి గానీ అది మర్చిపోలేదు. కానీ కంటి ఆపరేషను తర్వాత వంగొద్దన్నారు, బరువు ఎత్తొద్దన్నారు. వర్షాకాలం మొత్తం దాని జోలికి పోలేదు.

మేస్త్రీ నూనె వేసి, హ్యాండిలు తగిలించి, పళ్ళు బిగబట్టి లాగాడు. కదల్లేదు. మళ్ళీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. "పట్టేసింది సార్" అని హ్యాండిలు వదిలి చేతులు పైజమాకి తుడుచుకున్నాడు.

"తప్పుకో" అన్నాను.

"నీ వల్ల ఏమైద్ది పెద్దాయనా, మొన్నేగా కంటి ఆపరేషను అంటివి."

"కన్ను పోతే పోతది. తప్పుకో."

రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని లాగలేదు, దాని మీద పడ్డాను. నాలో ఎంత బరువుందో ఆ కాస్తా దాని మీద వేశాను. ఏమీ జరగలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ వేశాను. ఈసారి ఎక్కడో లోపల, చానా లోపల, చిన్నగా ఏదో వదిలింది. హ్యాండిలు ఒక బెత్తెడు కిందికి దిగింది. ప్లగ్గుల రంధ్రాల్లోంచి పాత నూనె వాసనతో గాలి బయటికొచ్చింది. మేస్త్రీ ఒక్క అంగలో వచ్చి నా చేతుల మీద చేతులు వేశాడు. ఇద్దరం కలిసి పూర్తి చుట్టు తిప్పాం. ఇంకో చుట్టు. మూడో చుట్టుకి తేలికైపోయింది.

"తిరిగింది సార్!" అని అరిచింది నేను కాదు, ఆయనే.

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. కళ్ళ ముందు నల్లగా తిరిగింది. యజమాని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. బేరం రెండు మాటల్లో అయిపోయింది. కాగితాల మీద సంతకం చేశాక ఆయన మెల్లగా అన్నాడు.

"ఒక్క చిన్న మాట పెద్దాయనా. మా వేపు మనుషులకు పట్టింపులు ఎక్కువ. దీన్ని పదిమందికి చూపించుకుంటాను. ఆనకట్ట కట్టిన బండి అని చెప్పుకుంటాను. ఆ రెండో సంగతి మన మధ్యే ఉండనివ్వండి. ఎవరైనా ఫోను చేసి అడిగినా చెప్పకండి."

నాకు చర్రున మండింది. ఆనకట్టకు ఇంజనీర్లను మోయడం గొప్ప, పోయినవాళ్ళను మోయడం రహస్యమా? "అయ్యా, నేను బండి అమ్మాను. నోరు అమ్మలా" అన్నాను.

ఆయన చిన్నబుచ్చుకోలేదు. దొడ్డి నాలుగు వైపులా చూశాడు. రేకుల షెడ్డు, అరుగు, దాని మీద నా ఒక్కడి కంచం. "సరే పెద్దాయనా, మీ నోరు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. తర్వాత, ఎగతాళి లేకుండానే, "ఇక్కడ ఎవరికి చెప్తారు?" అని అడిగాడు.

అందుకే ఇది రాస్తున్నాను.

మరునాడు పొద్దున రికవరీ లారీ వచ్చింది. గొలుసు కట్టి, ఇనుప తాడుతో బండిని వెనక్కి లాగి లారీ మీదికి ఎక్కించారు. బండి ముఖం నావైపే ఉంది. మేస్త్రీ ముందు టైర్లకు చెక్కముక్కలు అడ్డుపెట్టి, "కదలదు పెద్దాయనా, నువ్వు బెంగపడమాక" అన్నాడు. లారీ మెల్లగా మా సందులోంచి వీధిలోకి తిరిగింది. సందు ఇరుకు కాబట్టి నడక వేగంతోనే పోయింది. నేను వెనకాలే నడిచాను. పని ఉండి కాదు. ఇంట్లో కూర్చోలేక.

వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. టీ కొట్టువాడు గ్లాసు కడుగుతూ ఆగాడు. అప్పుడు నా వెనక నీళ్ళ చప్పుడైంది. తిరిగి చూస్తే, లారీ దాటిన గుమ్మం ముందు ఒకామె చెంబుతో నీళ్ళు చల్లుతోంది. దాని పక్క ఇంట్లో ఇంకొకామె బకెట్టు తెస్తోంది. అవతల వరసలో పక్కింటి కోడలి అత్తగారు. శవం వీధి దాటాక చల్లుకునే నీళ్ళు. ఖాళీ బండికి.

కోపంతోనే వీధి మధ్యలో నిలబడి అరిచాను. "ఏముందే దాంట్లో? ఎవుడున్నాడు? వట్టి ఇనప తొట్టి. ఇప్పుడు కూడా మైలేనా మీకు?"

కొందరు లోపలికి వెళ్ళిపోయారు. చివరి ఇంటి ముసలామె మాత్రం చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. చానా ఏళ్ళ కిందట ఆమె భర్తను నేనే మాచర్ల ఆసుపత్రి నుంచి తెచ్చాను. వానలో తెచ్చాను, దారంతా ఆమె తన కొంగు ఆయన ముఖానికి అడ్డుపెట్టుకుని కూర్చుంది.

"ఎందుకన్నా అట్టా అరుస్తావు?" అంది. "మైల అని ఎవురన్నారు? మా ఇంటాయన్ని తెచ్చి దింపిన బండి గుమ్మం ముందునుంచి పోతంటే ఊరికే ఎట్టా నిలబడేది? చేతులు ఆగలా."

లారీ రోడ్డు ఎక్కి గేరు మార్చిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అదీ లేదు. నేను ఆమె ముందు అట్లాగే నిలబడ్డాను. వెళ్ళడానికి ఇల్లుంది, కానీ వెంటనే వెళ్ళాలనిపించలేదు.

"ఇట్టా రా. కాళ్ళు కడుక్కొని పో" అంది.

"నేనేమన్నా శ్మశానంనుంచి వస్తన్నానా?"

"ఏదో ఒకటి లే. మీ ఇంట్లో పోసేదెవురు?"

చెప్పులు విడిచి, ఆమె గుమ్మం ముందున్న రాతి మీద ఒక కాలు పెట్టాను. ఆమె చెంబు వంచి పోసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. లారీ పోయిన వైపే చూస్తున్నాను గానీ రోడ్డు మీద దుమ్ము కూడా లేదు.

"ఆ కాలు కూడా పెట్టన్నా" అంది.